ఆయన పేరు మీద ఒక్క వాయిదా పడకూడదు: ఒక జడ్జిగారి సంస్మరణపై కేస్ స్టడీ

మా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కోర్టుల్లో ఒక జడ్జిగారు పోతే ఏం జరుగుతుందో ఇక్కడ ప్రాక్టీసు చేసేవాళ్ళందరికీ తెలుసు. పొద్దున్నే బార్ (వకీళ్ళ సంఘం) హాల్లో కబురు. కోర్టు హాల్లో అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం. ప్రెసిడెంటుగారి నాలుగు మాటలు. ఆపైన పని బంద్. ఆ రోజు కాజ్ లిస్టులో ఉన్న కేసులన్నీ వాయిదా. గుమ్మా కొండల మీద నుంచో, కాశీనగరం నుంచో, అవతల పాతపట్నం నుంచో తెల్లవారుజామునే బయల్దేరి వచ్చిన మనిషి సంగతి తెలుసుకుని, తెచ్చుకున్న అన్నం చెట్టు కింద తిని, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోతాడు. ఆ రోజు కూలి పోయింది, చార్జీలు పోయాయి, కేసు మళ్ళీ నెలన్నర వెనక్కి వెళ్ళింది.

నేను గజపతి, రాయగడ జిల్లాల కోర్టుల్లో సివిల్, క్రిమినల్ రెండూ చూసే వకీలుని. మాకు ఎంతో కావలసిన ఒక రిటైర్డ్ అదనపు జిల్లా జడ్జిగారు కాలం చేసినప్పుడు సంస్మరణ బాధ్యత నా మీద, మరో ఇద్దరు జూనియర్ల మీద పడింది. ఆ పని ఎలా చేశామో పూర్తిగా రాస్తున్నాను, మరో బార్‌లో ఎవరికైనా అక్కరకు వస్తుందని. కుటుంబం కోరిక మేరకు జడ్జిగారి పేరు, కోర్టు పేరు రాయడం లేదు.

ఆయనది గుణుపురం వైపు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర గిరిజనుల మాటలు. మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు సివిల్ జడ్జిగా చేరి, సీనియర్ సివిల్ జడ్జిగా, చివరికి అదనపు జిల్లా జడ్జిగా రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా ఇంట్లో కూర్చోలేదు. తగువులు రాజీతో తేల్చే శాశ్వత లోక్ అదాలత్‌లో కూర్చున్నారు, న్యాయ సేవల శిబిరాలకు తిరిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా కొండల్లో కొండచరియలు విరిగిపడ్డాక, మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళకు వెళ్ళి మరణ ధ్రువపత్రాల దరఖాస్తులు దగ్గరుండి నింపించారు. న్యాయ సేవల ప్రాధికార చట్టం 12వ సెక్షన్ కింద వరద, భూకంపం లాంటి విపత్తుల బాధితులకు ఉచిత వకీలు హక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఉన్నట్టే. ఈ సంగతి మా వకీళ్ళలో కూడా చాలామందికి ఆయన చెప్పాకే తెలిసింది.

పని ఆపాలా, వద్దా

మొదటి తగువు ఇక్కడే. కబురు తెలిసిన సాయంత్రం బార్‌లో కూర్చున్నాం. పెద్దవాళ్ళలో ఎక్కువమంది మర్నాడు పని ఆపాలన్నారు. వాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు. పోయినవారికి మన వాళ్ళు చేసే మర్యాద అదే అని వాళ్ళ నమ్మకం. పని ఆపకపోతే ఊరు ఏమనుకుంటుందని ఒక సీనియర్‌గారు నిజంగానే బాధపడ్డారు.

హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002 డిసెంబరులో లాయర్లకు సమ్మె హక్కు లేదని తేల్చింది. సంతాపం సమ్మె కాదు కదా అని మా వాళ్ళ వాదన. చట్టం దృష్టిలో తేడా ఉండొచ్చు. తలుపు దగ్గర నిలబడ్డ సాక్షికి ఏం తేడా కనిపిస్తుంది? అయినా ఈ వాదనతో ఆ రోజు ఎవరి మనసూ మారలేదు.

మారింది ఒక ఆర్డర్ షీట్ వల్ల, అంటే కేసులో ఏ రోజు ఏం జరిగిందో జడ్జి రాసే కాగితం వల్ల. నా జూనియర్ తన పాత ఫైల్లో ఉన్న సర్టిఫైడ్ నకలు తీసి చదివాడు. జడ్జిగారు స్వయంగా రాసిన ఇంగ్లీషు ఆర్డరు, దాని సారం ఇది: సాక్షులు ఇద్దరు హాజరు. ప్రతివాది వకీలు గడువు అడిగారు. కారణం, వేరే కోర్టులో పని. ఆ కారణం చాలదు. రెండో సాక్షిది దూరపు ఊరు, ఆవిడ బస్సు మూడింటికి, ముందు ఆవిడనే పిలవాలి. కిందనే ఇంకో వాక్యం: మొదటి సాక్షికి కిందటి వాయిదా బత్తా (వచ్చిపోయే ఖర్చు) ముట్టలేదు, ఈరోజే ఇప్పించాలి.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందరికీ ఆయన చేతిరాత గుర్తుంది, ఆ విసుగూ గుర్తుంది. గడువు అడిగిన ఆ ప్రతివాది వకీలు కూడా ఆ గదిలోనే ఉన్నారు. "ఆయన పేరు మీద ఒక్క వాయిదా పడకూడదు" అని తీర్మానం ప్రతిపాదించింది ఆయనే.

మర్నాడు పొద్దున్న నోటీసు బోర్డు మీద కబురు మాత్రం పెట్టాం. జిల్లా జడ్జిగారిని కలిసి, సంస్మరణ సభ కోర్టు వేళ అయ్యాక, సాయంత్రం కోర్టు హాల్లోనే జరుపుతామని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. పగలంతా కోర్టు నడిచింది. కాశీనగరం నుంచి వచ్చిన ఒకావిడ మనోవర్తి బకాయి కేసులో ఆ రోజే డబ్బు అందుకుంది. పాతపట్నం నుంచి వచ్చిన యాక్సిడెంటు కేసు సాక్షి మాట నమోదైంది. వాళ్ళకి జడ్జిగారు పోయారన్న సంగతే తెలియదు.

ఏం చెప్పాలి

సభలో చదివే సంతాప పత్రం రాయడం రెండో పని. మన దగ్గర దీనికో అచ్చు ఉంది: ఫలానా చోట పుట్టారు, ఫలానా డిగ్రీ, ఫలానా పదవులు, మృదుభాషి, నిగర్వి, తీరని లోటు. ఏ జడ్జిగారి పేరైనా అందులో పెట్టేయొచ్చు.

ఆ అచ్చు ఎందుకు చాలదో నాకు మా ప్రాంతపు న్యాయచరిత్రే చూపించింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మేం మద్రాసు హైకోర్టు కింద ఉండేవాళ్ళం. ఆ తర్వాత పాట్నా హైకోర్టు. 1948 జూలై 26న కటక్‌లో ఒడిశా హైకోర్టు మొదలైంది. పన్నెండేళ్ళలో మూడు హైకోర్టులన్నమాట. కటక్‌లో మొదటి రోజు ప్రమాణం చేసిన నలుగురు జడ్జీల్లో బాచు జగన్నాథదాస్‌గారు ఒకరు. తర్వాత అక్కడే చీఫ్ జస్టిస్, 1953లో సుప్రీంకోర్టు జడ్జి. పదవుల జాబితా ఇంతటితో అయిపోతుంది. కానీ 1954 నాటి ఎం.పి. శర్మ కేసు తెరిస్తే, సోదాలు, కాగితాల స్వాధీనం మీద ఎనిమిదిమంది జడ్జీల తరఫున తీర్పు రాసింది ఆయనే. అందులో గోప్యత హక్కు గురించి అన్న మాటను పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు 2017లో తోసిపుచ్చారు. అరవై ఏళ్ళ తర్వాత కూడా దేశంలోని పెద్ద పెద్ద వకీళ్ళు ఆయన రాసిన వాక్యాల మీద వాదించుకున్నారు. రెండో పే కమిషన్‌కి అధ్యక్షుడు కూడా ఆయనే. 1959లో ఆ కమిషన్ కేంద్ర ఉద్యోగుల్లో అందరికన్నా కింద ఉన్నవాడికి నెలకు 80 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఎంతోమంది ప్యూన్ల ఇళ్ళలో పొయ్యి వెలిగించిన అంకె అది. ఈ రెండూ తెలిశాక ఆయన నాకు ఒక మనిషిగా కనిపించారు.

మా జడ్జిగారి తీర్పులు లా రిపోర్టుల్లో లేవు. జిల్లా కోర్టు జడ్జి రాత ఎక్కడా అచ్చుకాదు. అందుకే ఆయన రాసింది మేమే వెతికి తీసి, ఒక పుస్తకంగా వేయాలని నిశ్చయించుకున్నాం.

నకళ్ల పని

కొత్త కేసులు సులువు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే పదహారు అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఆర్డర్లన్నీ కనిపిస్తాయి. నంబరు తెలియకపోతే కోర్టు నంబరు, తేదీ పట్టుకుని వెతకొచ్చు. ఆయన సర్వీసులో ఎక్కువ భాగం అంతకుముందుది కాబట్టి రికార్డు రూమే గతి. కేసులో పక్షం కానివాడు నకలు కావాలంటే ఎందుకో కారణం చెప్పి దరఖాస్తు పెట్టుకోవాలి. మేం కారణం దాచలేదు: "దివంగత న్యాయాధికారి వృత్తి జీవితం నమోదు చేయడానికి" అని రాశాం. కొన్ని దొరికాయి. కొన్ని ఫైళ్ళు గడువు తీరి ఎప్పుడో ధ్వంసమైపోయాయి. 1917 నాటి చట్టం కింద హైకోర్టు నిబంధనల ప్రకారం రికార్డుల్ని తరగతులుగా విడదీసి, గడువు తీరినవి తీసేస్తారు. తప్పు ఎవరిదీ కాదు, ఆ గదిలో కాళ్ళు పెట్టే చోటు లేదు. ఈ పని తలపెట్టేవాళ్ళు మాత్రం మనిషి పోయేదాకా ఆగకుండా, రిటైరైన రోజే మొదలుపెట్టాలి.

వకీళ్ళ ఫైళ్ళు మాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ప్రతి పాత ప్లీడరుగారి ఇంట్లో అటక మీద మూటలుంటాయి. వాళ్ళ గుమస్తాలకు ఏ మూటలో ఏముందో కంఠతా వచ్చు.

కాగితాల్లో ఆయన అలవాట్లు మూడు పదేపదే కనిపించాయి. మొదటిది వాయిదా కారణం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 309వ సెక్షన్, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 346, సాక్షులు హాజరై ఉన్నప్పుడు వాళ్ళని విచారించకుండా వాయిదా వేయొద్దంటుంది. వేయక తప్పకపోతే ప్రత్యేక కారణం రాయాలంటుంది. చాలా ఆర్డర్ షీట్లలో కారణం చోట రెండు ముక్కల పొడి మాట ఉంటుంది. ఆయన షీట్లలో ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, నష్టం ఎవరికి అన్న మూడూ ఉంటాయి.

రెండోది బత్తా. సాక్షికి ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు చట్టంలోనే ఉంది. సివిల్ కేసుల్లో సమను పంపేటప్పుడే ఆ డబ్బు కట్టించుకోవాలి. అయినా అడిగేవాడు లేక అది చాలాసార్లు కాగితం మీదే మిగిలిపోతుంది. ఆయన సాక్షిని బోను దించే ముందు "బత్తా ముట్టిందా?" అని అడిగి, జవాబు షీటులో రాసేవారు.

మూడోది దుబాసీ, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పే మనిషి. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే, బహిరంగ కోర్టులో అతనికి తెలిసిన భాషలో వినిపించాలని పాత కోడ్ 279వ సెక్షన్. ఒడియా కోర్టులో తెలుగు ముద్దాయి, సవర ముద్దాయి మాకు రోజూ కనిపించేవాళ్ళే. జడ్జిగారికి తెలుగు ఇంటి భాష. తానే రెండు ముక్కలు తెలుగులో చెప్పేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆయన ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. దుబాసీని పిలిచి, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ప్రమాణం చేయించి, అతని పేరు రికార్డుకెక్కించి, అప్పుడు మొదలుపెట్టేవారు. మొదట్లో నాకిది కాలహరణంలా తోచింది. ఒకసారి చాంబర్‌లో అడిగాను. జడ్జికి అర్థమైతే చాలదనీ, అవతలి వకీలుకీ, రేపు అప్పీలు వినే పై కోర్టుకీ ఎవరు ఏమని చెప్పారో కనపడాలనీ ఆయన జవాబు. తన భాష తెలిసిన జడ్జి తన వైపే ఉన్నాడని తెలుగువాడు అనుకోకూడదు, ఒడియావాడు అసలే అనుకోకూడదు. సరిహద్దు జిల్లాలో ఒక జడ్జి ఇంతకన్నా నిష్పక్షపాతంగా ఉండగలడని నేననుకోను.

పెట్టాలా, వద్దా అన్నవి

లైంగిక నేరాల కేసులు, పిల్లల కేసులు, భార్యాభర్తల తగువులు పూర్తిగా పక్కన పెట్టాం. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పిల్లల విషయంలోనూ అదే చెబుతుంది. మిగతావాటిలో కూడా పక్షాల పేర్లు, ఊళ్ళు తీసేశాం. జడ్జిగారిని గౌరవించబోయి పాత తగువులు కెలకడం ఎవరికీ మంచిది కాదు.

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఆయన ఇచ్చిన ఒక భూమి తీర్పును పై కోర్టు కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమిని అధికారి అనుమతి లేకుండా గిరిజనేతరుడు కొంటే ఆ బదిలీ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం చెల్లదు. 2002 నుంచైతే గిరిజనేతరులకు బదిలీనే ఆపేశారు. ఆ కేసులో కొన్నవాడి వైపు పాత క్రయ దస్తావేజు, ఏళ్ళ తరబడి స్వాధీనం, శిస్తు రసీదులు అన్నీ ఉన్నాయి. అనుమతి కాగితం ఉందా అని ఎవరూ గట్టిగా అడగలేదు. జడ్జిగారు డిక్రీ ఇచ్చారు. అప్పీల్లో పోయింది.

దీన్ని పుస్తకంలో పెడదామని నేనంటే ఆయన పెద్దబ్బాయి నొచ్చుకున్నారు. "నాన్నగారు పోయాక ఆయన తప్పు చూపిస్తారా?" అన్నారు. ఆ మాటకు వాదనతో జవాబు చెప్పలేదు. ఆ అప్పీలు తీర్పు తర్వాత జడ్జిగారు విన్న భూమి కేసుల కాగితాలు తెచ్చి ముందు పెట్టాం. ప్రతి దాంట్లోనూ మొదటి ఇష్యూ, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్న, ఒకటే: దావా భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా, ఉంటే అమ్మినవారు ఎవరు, అనుమతి ఉందా? పక్షాలు లేవనెత్తకపోయినా ఆయనే ఇష్యూ వేశారు. పెద్దబ్బాయి ఆ కాగితాలు రాత్రంతా చదివారట. పొద్దున్నే ఫోన్ చేసి, ముందు ఆ కొట్టేసిన తీర్పు, దాని వెనకాలే ఇవన్నీ వరసగా వేయమన్నారు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం అదే.

ఆ సాయంత్రం

సభలో మాట్లాడింది ముగ్గురే. ముఖ్య అతిథులు లేరు, శాలువాలు లేవు. ఆయన దగ్గర చాలాకాలం పనిచేసి రిటైరైన పేష్కార్ (కోర్టు గుమస్తా) ఒడియాలో మాట్లాడారు. ఆయన కోర్టులో ఎక్కువసార్లు ఓడిపోయిన ఒక సీనియర్ వకీలుగారు, తన ఓటమి కారణాలు ప్రతిసారీ తీర్పులో స్పష్టంగా దొరికేవని, అప్పీలు వేయాలా వద్దా అన్నది కక్షిదారుకు నిజాయితీగా చెప్పగలిగేవాణ్ణని అన్నారు. వకీలు జడ్జికి ఇవ్వగల కితాబుల్లో అది పెద్దది.

మూడో మనిషి ఆ ఆర్డర్ షీటులోని రెండో సాక్షి. ఆవిడ ఊరు వెతికి పట్టుకుని, రాగలరా అని అడిగితే కొడుకుని తోడు తీసుకుని వచ్చింది. మైకు వద్దంది. "నాను మూడోపాలి ఒచ్చినాను బాబూ. బస్సు ఎల్లిపోద్దని బయమేసింది. ఆ బాబు ముందల నన్నే పిలిసినాడు. ఎల్లేటప్పుడు డబ్బులు ముట్టినాయా అమ్మా అని అడిగినాడు." ఇంతే చెప్పి నమస్కారం పెట్టి కూర్చుంది. ఆవిడ ఏ పక్షం సాక్షో, ఆ కేసు ఎవరు గెలిచారో ఆవిడకు గుర్తులేదు.

నవంబరు 9

న్యాయ సేవల చట్టం 1987లో చేసినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఆ తేదీన ఏటా న్యాయ సేవల దినం జరుపుతారు. వర్ధంతి సభ బదులు ఆ రోజే ఆయన పేరు మీద ఒక పని పెట్టుకున్నాం. తెలుగులో, ఒడియాలో ఒక్క పేజీ కరపత్రం. కోర్టుకు సాక్షిగా వస్తే బత్తా అడగొచ్చు. భాష అర్థం కాకపోతే దుబాసీని అడగొచ్చు. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల ఆఫీసులో ఎవరెవరు ఉచితంగా అడగొచ్చో ఆ వరసంతా. లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, కానీ ఆ అవార్డు మీద అప్పీలు లేదు కాబట్టి సంతకం పెట్టే ముందు చదివించుకోవాలి. ఈ చివరి మాట జడ్జిగారు లోక్ అదాలత్‌లో ప్రతి ఒక్కరికీ చెప్పేదే. బస్టాండులో, సంతలో, కోర్టు గేటు దగ్గర టీ బడ్డీలో పంచాం. ఆయన కూతురు కూడా వచ్చి మాతో పాటు పంచింది.

ఫలితం గురించి పెద్ద మాటలు చెప్పను. బత్తా అడిగే సాక్షులు ఇప్పుడు కనిపిస్తున్నారు. కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి పేష్కార్‌కి చూపించినవాళ్ళూ ఉన్నారు. మా బార్ తర్వాత వచ్చిన రెండు సంతాప సభలూ సాయంత్రమే జరిపింది. పక్క కోర్టులవాళ్ళు ఇంకా పొద్దున్నే పని ఆపేస్తున్నారు. వాళ్ళను ఒప్పించాలంటే నేను వెళ్ళి చెబితే కాదు, వాళ్ళ జడ్జిగారి ఆర్డర్ షీట్లు వాళ్ళే తీసి చదవాలి.

సాగనిది సవర దుబాసీల సంగతి. తెలుగు-ఒడియా వచ్చినవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. సవర, ఒడియా రెండూ బాగా వచ్చి, రోజంతా కోర్టులో కూర్చోగలిగే మనిషి దొరకడం కష్టం, దొరికినా ఇచ్చే డబ్బు అతని ఒక రోజు కూలికి సరిపోదు. కరపత్రం కూడా సవరలో వేయలేకపోయాం. చదివేవాళ్ళు తక్కువ కాబట్టి గొంతు రికార్డు చేసి ఫోన్లలో పంపడం మేలని గుమ్మా వైపు ఒక టీచరుగారు సలహా ఇచ్చారు. ఆ పని ఆయనే మొదలుపెట్టారు.

ఇక పుస్తకం రెండో భాగం. జడ్జిగారు మున్సిఫ్‌గా పనిచేసిన తొలి ఏళ్ళ సివిల్ ఫైళ్ళు రాయగడ జిల్లా వైపు ఒక రికార్డు రూంలో ఉన్నాయి. వాటిలో 1936కి ముందు రాసిన తెలుగు దస్తావేజుల మీద నడిచిన దావాలు కూడా ఉన్నాయని అక్కడి పాత గుమస్తా ఒకాయన చెప్పారు. కొన్ని ఫైళ్ళకు ధ్వంసం గడువు దగ్గర పడింది. అందుకని అచ్చుపని పక్కన పెట్టి, ముందు ఆ నకలు దరఖాస్తులే వేస్తున్నాం.